మామగారికి సామి వచ్చిన రోజు

ఒక మనిషిని బతికుండగానే దేవుణ్ణి చేసి, దండ వేసి, హారతి పట్టి, చివరికి దాదాపు దేవుడి దగ్గరికే పంపించబోయిన ఘనత నాది. మీరు నవ్వుకోవచ్చు. మా మామగారు ఉన్నన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నారు.

డెబ్బైల చివర మేము తిరువళ్ళూరులో ఉండేవాళ్ళం. నేను బడికి పోయినదాన్ని కాదు. తాతయ్య పలక మీద దిద్దించిన అక్షరాలు, నాలుగు స్తోత్రాలు, అదే నా చదువు. అయినా మామగారి షుగరు జబ్బుకు ఇంట్లో డాక్టరమ్మను నేనే. పొద్దున్నే గాజు సిరంజి, సూది గిన్నెలో మరగబెట్టి ఇన్సులిన్ వేసేదాన్ని. సూది వేసిన అరగంటలో టిఫను పెట్టాలని, లేకపోతే చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పినప్పుడు హరికథకు తలూపినట్టు ఊపాను.

ఆ ఏడు ఆడి నెలలో వచ్చే మురుగన్ సామి పండగ, ఆడి కృత్తికకు తిరుత్తణి కొండ మెట్లెక్కుతామని మొక్కు. దర్శనమయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. మరి ఇన్సులిన్ సంగతి? బాగా ఆలోచించి తీర్పు చెప్పాను. సూది మింగేది కాదు గనుక ఉపవాసం చెడదు, ఇడ్లీ మింగేది గనుక చెడుతుంది. సూది వేశాను, ఇడ్లీలు పొట్లం కట్టాను. పండితులైనా ఇంత సూక్ష్మంగా తప్పు చేయలేరు.

మా ఆయనకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మామగారూ నేనూ రైలెక్కాం. ఆకలవుతోందా అని అడిగితే మురుగన్ చూసుకుంటాడులే అన్నారు. ఆయనకు మురుగన్ మీద నమ్మకం, నాకు నా మీద.

సగం మెట్లెక్కేసరికి మామగారు ఆగిపోయారు. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు. ఏమైందని అడిగితే నన్నెప్పుడూ చూడనట్టు చూసి, ఇక్కడ రాయలేని తిట్టొకటి తిట్టారు. పిల్లిని కూడా "పోమ్మా" అని తోలే మనిషాయన. పక్కన కావడి మోసేవాళ్ళు ఊగిపోతున్నారు, తప్పెట్లు మోగుతున్నాయి, కొండంతా "అరోగరా" అని మురుగన్‌కు జేకొడుతోంది. చెమట, వణుకు, ఊగడం, తిట్టడం. ఇంకేం కావాలి? మామగారి మీదికి సామి పూనాడని, మా ఇంటికే వచ్చాడని నా ఒళ్ళు పులకరించింది.

ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, నుదుట విభూతి పూసి, పూలదండ కొని మెళ్ళో వేశాను. కాళ్ళ దగ్గర కర్పూరం వెలిగించి అడగవలసింది అడిగాను.

"సామీ, మా ఆయనకు పర్మనెంటు ఎప్పుడవతాది?"

"పో," అన్నాడు సామి.

అప్పటికే నా వెనక వరస కట్టారు. ఒకామె కూతురి పెళ్ళి గురించి అడిగింది. పో. ఇంకొకామె తప్పిపోయిన మేక గురించి అడిగింది. దానికీ పో. సామికి పక్షపాతం లేదని నాకు మరింత భక్తి కుదిరింది.

ఆ వరసలో అమ్మవారి గుడి ఉన్న పెరియపాళయం నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. ఆశీర్వాదం కోసం మామగారి చెయ్యి పట్టుకుని, చటుక్కున నా వైపు తిరిగింది.

"అమ్మణ్ణీ, ఇరవై ఏండ్లుగా ప్రతి ఆడికీ నా మీదికి అమ్మ వస్తా ఉంది. వచ్చిందంటే ఒళ్ళు కాగిపోతాది. ఈయన చెయ్యి చూడు, బావినీళ్ళ మాదిరి ఉండాది. ఇది సామి కాదు. ఏమన్నా జబ్బుందా?"

"షుగరుందక్కా. పొద్దున సూది కూడా వేస్తిని."

"తిండి పెట్టినావా?"

డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది. మామగారి తల నా భుజం మీదికి వాలిపోతోంది. తీపి ఏదన్నా ఉందా అని ఆమె అడిగితే సంచిలోంచి తేనె సీసా తీసి, మళ్ళీ గుండెకు హత్తుకున్నాను.

"ఇది సామికి తెచ్చింది గదక్కా. ఇంకా నైవేద్యం కాలేదే."

"ఇంతసేపూ ఈయన్నే సామి అని మొక్కితివి గదా. పెట్టు."

నా ధర్మశాస్త్రం మూసేసి సీసా మూత తీశాను. దేవుడి దయవల్ల ఆయన ఇంకా మింగగలుగుతున్నారు. ఆమె వీపు ఆనించి పట్టుకుంటే, వేలితో కొంచెం కొంచెంగా సగం సీసా నాకించాను. వెనకవాళ్ళు సామి ఆరగిస్తున్నాడనుకుని మళ్ళీ అరోగరా అన్నారు. నాకు మాత్రం తెలిసిన స్తోత్రాల్లో ఒక్కటీ ఆ వేళకు గుర్తు రాలేదు.

పావుగంటకు చెమట ఆరింది. మామగారు కళ్ళు పూర్తిగా తెరిచి, మెడలో దండ చూసుకున్నారు. కాళ్ళ దగ్గర కర్పూరం చూశారు. చేతులు జోడించిన జనాన్ని చూశారు.

"ఏమ్మా," అన్నారు మెల్లగా, "నేనెప్పుడు పోయినాను?"

అక్కడే పొట్లం విప్పి ఆరు ఇడ్లీలు తినిపించాను. మిగిలిన సగం సీసా పైన అసలు సామికి ఇస్తే, ఆయనేమీ కోపగించుకోలేదు. ఆ పెద్దామె పేరైనా అడగలేదు నేను. ఇప్పటికీ ప్రతి ఆడి కృత్తికకు ఆమె పేర, పేరు లేకుండానే, ఒక దీపం పెడతాను.

ఆనాడే మురుగన్ సన్నిధిలో చెంపలేసుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట నా ఎదుట ఎవరికి సామి వచ్చినా సరే, ముందు నోట్లో తేనె, ఆ తరవాతే ప్రశ్నలు. వచ్చింది నిజం సామే అయితే తేనె వద్దనడు గదా.