అమ్మ ఎక్కని గుమ్మటం

నిన్న మధ్యాహ్నం ఇక్కడ సింగపూర్‌లో, బిషాన్‌లో మా బ్లాకు దగ్గరి హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్తే, మిగిలిన ఒకే ఒక్క టేబుల్ మీద టిష్యూ పాకెట్ ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. మనిషి లేడు. అయినా పళ్లేలు పట్టుకుని నిలబడ్డవాళ్లెవరూ ఆ టేబుల్ జోలికి పోలేదు. ఇక్కడ దీన్ని చోప్ చెయ్యడం అంటారు. ఒక టిష్యూ పాకెట్టో గొడుగో, ఆఖరికి భుజాన వేసుకునే బ్యాగో పెట్టి వెళ్లినా, తిరిగొచ్చేదాకా ఆ చోటు నీదే, ఎవరూ ముట్టుకోరు. ఊరంతా మురిసిపోయే ఈ పద్ధతిని చూస్తే నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే ఇటలీ దాకా వెళ్లాలి.

నా చిన్నతనమంతా కంప్యూటర్ ఉద్యోగాలు వరదలా వచ్చిన రోజుల్లో గడిచింది. మాతో కలిపి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మూడు కుటుంబాలు మా బ్లాకులోనే పైనా కిందా ఉండేవి. డిసెంబరు వానలకి, వెదురు గడల మీద ఆరేసిన బట్టలు మూడు రోజులకీ ఆరక ఇల్లంతా ముక్కవాసన వేస్తుంటే, పిల్లలం కింది ఖాళీ అంతస్తులో స్తంభాల మధ్య చైనీసు, మలయ్ పిల్లలతో కలిసి ఫైవ్ స్టోన్స్ ఆడేవాళ్లం. అది చూసి అమ్మ, "ఇవి మా అచ్చనగాయలేగా!" అంటూ కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుని, అందర్నీ చిత్తుగా ఓడించేది. ఉగాదికి వేపపువ్వు కోసం టెక్కా మార్కెట్ అంతా గాలించేది. దీపావళికి పక్కింటి మలయ్ ఆంటీకి సున్నుండలు పంపితే, వాళ్ల పండక్కి మా గిన్నె నిండా పైనాపిల్ టార్టులు వచ్చేవి. ఆదివారాలు మా హాల్లో నాన్నలంతా కూర్చుని ప్రాజెక్టుల గురించి గొంతులు చించుకుంటుంటే, వంటింట్లోంచి ఇంగువ పోపు వాసనా ఆడవాళ్ల నవ్వులూ వచ్చేవి.

అమ్మ రాజమండ్రిలో చరిత్ర ఎం.ఏ. చదివి, రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. సింగపూర్ వచ్చాక ఆ చదువుకి తగ్గ ఉద్యోగం ఇక్కడ లేదన్నారు. ఉన్నా పిల్లని ఎవరు చూస్తారన్నారు. ఆ అన్నవాళ్లందర్నీ ఇప్పుడు వరసగా నిలబెట్టి అడగాలనిపిస్తుంది నాకు. అప్పుడు ఎవరూ అడగలేదు, అమ్మతో సహా.

నాకు పదేళ్లప్పుడు, జూన్ సెలవులకి మూడు కుటుంబాలూ కలిసి ఇటలీ వెళ్లాలని నిశ్చయమైంది. ఆ రోజు నుంచి అమ్మ వేరే మనిషైపోయింది. లైబ్రరీ నుంచి ఫ్లోరెన్స్ మీద పుస్తకాలు మోసుకొచ్చి, పాత పేపర్లతో అట్టలు వేసి, పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు చదివేది. ఒకరోజు పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, రెండిటినీ బోర్లించి నాకు చూపించింది.

"చూశావా, అక్కడి పెద్ద చర్చికి గుమ్మటం ఒకటి కాదు, రెండు. ఒకదాన్లో ఒకటి. ఆ రెండిటి మధ్యలోంచే పైకి మెట్లు. కింద దన్నేమీ పెట్టకుండా లేపారే దాన్ని!"

"ఎక్కుతావా అమ్మా?"

"ఎక్కకపోతే అంత దూరం ఎందుకెళ్లడం?"

రైస్ కుక్కర్‌తో సహా ఫ్లోరెన్స్ చేరాం. హోటల్ గదిలో ఆడవాళ్లు ముగ్గురూ పొద్దున్నే లేచి కలిపిన పులిహోర డబ్బాలూ, ఆవకాయ సీసా, పెరుగన్నం బ్యాగుల్లో సర్దుకుని, ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకున్న గైడమ్మ వెనకాల బయల్దేరాం. రాళ్లు పరిచిన సన్నటి సందులు, తోలు సంచుల దుకాణాలు, వీధి మలుపు తిరిగినప్పుడల్లా ఎదురొచ్చే కాఫీ వాసన, పాత వంతెనకి రెండువైపులా బంగారం కొట్లు, చౌకులో బట్టల్లేని రాతి మనుషుల్ని చూసి గబగబా పిల్లల కళ్లు మూసే ఆంటీలు. చర్చి ఎదుట బంగారు తలుపుల దగ్గర గైడు ఒక్కో పలకలోని కథ చెబుతుంటే, అమ్మ మధ్యలో ఏదో అడిగింది. గైడు ముఖం వెలిగిపోయింది. అక్కణ్ణించి ఆవిడ మిగతావాళ్లని వదిలేసి అమ్మతోనే మాట్లాడింది. మా బ్లాకులోనే ఉండే, నాన్న ఆఫీసు స్నేహితుడు సుధాకర్ అంకుల్‌కి అది నచ్చలేదు. గట్టిగా దగ్గి గడియారం చూసుకున్నాడు.

గుమ్మటం ఎక్కేముందు పావుగంట విరామం ఇచ్చారు. నీడలో రాతి అరుగొకటి ఖాళీగా కనిపించింది. అంకుల్ దాని మీద తన బ్యాగు పెట్టి, బ్యాగు మీద టిష్యూ పాకెట్ పెట్టి, "చోప్ చేసేశా, పదండి" అని అందర్నీ ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లాడు. ఇన్నేళ్ల సింగపూర్ అలవాటు, ఒక్కరికీ అనుమానం రాలేదు. తిరిగొచ్చేసరికి టిష్యూ పాకెట్ ఉంది. బ్యాగు లేదు, అందులోని వీడియో కెమెరా లేదు, ఒక డబ్బా పులిహోరా లేదు.

పైకి బ్యాగులు తీసుకెళ్లనివ్వరు. వాటిని దాచే గది పక్కనే ఉందని గైడు చెప్పింది. "ఈ ఊళ్లో ఇంకెవర్నీ నమ్మేది లేదండీ" అన్నాడు అంకుల్. అయితే ఎవరో ఒకరు కింద ఉండాలి. బ్యాగు పోగొట్టిన పెద్దమనిషి ఉండొచ్చు కదా? అబ్బే!

"చెల్లెమ్మ ఉంటుందిలే బావా. తనకి ఓపిక ఎక్కువ" అన్నాడు నాన్నతో.

నాన్న ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "నువ్వు పుస్తకాల్లో అంతా చూసేశావుగా!" అని నవ్వుతూ తన బ్యాగు అమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

ఊరూ పేరూ తెలియని ఆ గైడే ఊరుకోలేక, మేడమ్ తప్పకుండా రావాలని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అమ్మ తల అడ్డంగా ఊపి, "ఇట్స్ ఓకే" అంది. ఆంటీలు చేతిసంచులు తెచ్చి ఆమె పక్కన పెట్టారు. నేనూ నా నీళ్ల సీసా ఆమె ఒళ్లో పడేసి పరుగెత్తాను.

నాలుగు వందల పైచిలుకు మెట్లు. వంగిన గోడల మధ్య ఇరుగ్గా పక్కకి ఒరిగి ఎక్కుతూ, అంకుల్ ఆయాసపడుతూ, "ఏవుంది బావా ఇందులో, ఇటుకలేగా!" అన్నాడు. ఆ ఇటుకల్ని చేపముల్లులా ఎందుకు పేర్చారో చెప్పగల ఒకే ఒక్క మనిషిని పులిహోర డబ్బాలకి కాపలా పెట్టి వచ్చాం మేము. దొంగ ఎత్తుకుపోయిన కెమెరా గురించి ఆ ప్రయాణమంతా ఏడ్చారు. అమ్మ దగ్గర మేం ఎత్తుకుపోయినదాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

కిందికి దిగగానే అమ్మ నా భుజాలు పట్టుకుంది.

"ఎలా ఉందే? రెండు గోడలూ తెలుస్తున్నాయా? మధ్యలోకి వెలుతురొస్తుందా?"

"సో టైరింగ్ లా, అమ్మా. కెన్ వీ ఈట్ నౌ?" అన్నాను.

అమ్మ డబ్బా మూత తీసింది.

ఇప్పుడా మూడు కుటుంబాల్లో మేమే మిగిలాం. అంకుల్ వాళ్లు సిడ్నీ వెళ్లిపోయారు, ఇంకొకళ్లు హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయారు. మలయ్ ఆంటీ పోయింది, ఆ తలుపు వెనక ఎవరున్నారో మాకు తెలియదు. కింద స్తంభాల మధ్య ఆడే పిల్లలు లేరు. గుమ్మటం మీద తీసుకున్న గ్రూపు ఫొటో చాలా ఏళ్లు మా హాల్లో వేలాడింది. వచ్చినవాళ్లందరికీ నాన్న చూపించేవాడు, ఇందులో మీ ఆవిడ ఏదీ అని ఒక్కరూ అడగలేదు. పోయినేడు దాన్ని నేనే గోడ మీంచి పీకేశాను.

ఈ నెల మొదట్లో అమ్మకీ నాకూ మాత్రమే ఫ్లోరెన్స్‌కి టికెట్లు కొన్నాను. చెబితే అమ్మ చాలా సంతోషించింది. అరవై దాటిన మోకాళ్లని రెండు చేతులా నిమురుకుంటూ అంది:

"మంచిపని చేశావే. ఈసారి నిదానంగా ఎక్కి అన్నీ సరిగ్గా చూడు. బ్యాగులు నేను చూసుకుంటాలే."