పాలసొర కడుపులో

మణవాళనగర్‌లో మా కింది వాటా అమ్మాయి ప్రసవించి వారమయింది. ఈ ఉదయం వాళ్ళు బాలింతకు, సొరచేపను ఉడికించి పొడిపొడిగా వేయించే సొరపుట్టు చేస్తున్నారు. ఉడికిన పాలసొర వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. సులోచన టీచర్ గుర్తొచ్చింది. తిరుత్తణిలో మాకు జంతుశాస్త్రం చెప్పిన మనిషి. నవ్వడం తక్కువ, ఓదార్చడం అసలే రాదు. అయినా ఆమె మాట వచ్చినంత దూరం నా వెంట ఇంకెవరి మాటా రాలేదు.

పుట్టుకతోనే నా మెడ కింది భాగంలో, కుడిపక్కన, గుండుసూది దిగేంత రంధ్రం ఉండేది. అందులోంచి జిగటగా నీళ్ళు ఊరేవి. అది నాగమ్మ పెట్టిన గుర్తని మా అవ్వ నమ్మకం. ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా అది చీము పట్టి వాచింది. తిరువళ్ళూరు డాక్టరు కోసి తీసెయ్యాలన్నాడు. సరిగ్గా అప్పుడే, నా తర్వాత చాన్నాళ్ళకు, అమ్మకు మగబిడ్డ పుట్టాడు. గుర్తు మీద కత్తి పెడితే నాగమ్మ ఆ బిడ్డను తీసుకుపోతుందని అవ్వ మొండికేసింది. నాన్న మగ్గం ముందునుంచి లేవలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. జ్వరంతో కాలిపోతూ, తమ్ముడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని మాటిమాటికీ వంగి చూసేదాన్ని.

నేను బడికి రావడం లేదని టీచర్ ఇంటికొచ్చింది. అవ్వ పెరట్లో పాలసొరను శుభ్రం చేస్తోంది. అమ్మకు పాలు పడాలని నాన్న పులికాట్ ఒడ్డునున్న పళవేర్కాడు నుంచి తెప్పించాడు. టీచర్ నా మెడ చూసి, అవ్వ పక్కన గొంతుక్కూర్చుంది.

“ఎందుకవ్వా కోయనీవు?”

“గుర్తును కోస్తే పసివాడు దక్కడు టీచరమ్మా. చదువుకున్నదానివి, నీకివన్నీ తెలీవు.”

అవ్వ కత్తి చేప పొట్టలో దిగి, ఆగిపోయింది. లోపల పిల్లలు. గుడ్లు కాదు, కళ్ళూ రెక్కలూ వచ్చిన పిల్లలు. ఒక్కొక్కదానికీ బొడ్డుతాడు. గదిలో, బొడ్డు ఇంకా ఊడని మా తమ్ముడు ఉన్నట్టుండి ఏడుపు ఆపాడు.

“ఏందమ్మా ఇది? చేపకు బొడ్డేంది?” అవ్వ కత్తి కింద పెట్టేసింది.

“ఈ జాతి సొర మనమాదిరే కంటాదవ్వా. మెడ పక్కన చూడు.”

టీచర్ ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని, తల వెనక వరసగా ఉన్న చీలికలు చూపించింది. “ఇవి మొప్పల దారులు. కడుపులో ఉండేటప్పుడు మనకూ ఈ చోట మడతలు పడతాయి. చేపకు మొప్పలయ్యే చోటే మనకు దవడ, చెవి, గొంతు అవుతాయి. నడుమ సందులు పూడిపోతాయి. నీ మనవరాలికి ఒకటి పూడలేదు. అంతే.”

“నాకూ పడినాయా?”

“నీకూ, నాకూ, లోపలుండే పసివాడికీ.”

అవ్వ చేప నెత్తురు చేత్తోనే తన మెడ తడుముకుంది. తర్వాత చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, తమ్ముడి మెడను రెండు పక్కలా వేలితో నిమిరి చూసింది. తిరిగొచ్చి, “అయితే ఇది నాగమ్మది కాదు, మాదే. కోయించేదానికి పిల్లను యాడికి తీసకపోవాల?” అంది.

కోశారు. తమ్ముడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం భయం పెరిగింది. పాముకైతే పాలు పోసి దండం పెట్టుకోవచ్చు. మనలోనే ఉన్నదానికి ఎలా మొక్కాలి? క్లాసులో ముందు బెంచీల వాళ్ళ మెడలు చూస్తే, మూసిన తలుపుల వెనక ఏదో ఉన్నట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక టీచర్‌తో చెప్పేశాను.

“ఆ భయం నాకూ పోలేదు,” అంది ఆమె. “ఏటేటా ఆ పాఠం కాడ ఒళ్ళు జలదరిస్తాది. భయపడు, తప్పులేదు. కానీ చూసినాక భయపడు.”

టీచర్ ఇప్పుడు లేదు. నాకు కూతురు పుట్టినప్పుడు అందరూ ముక్కు ఎవరిదని వాదులాడుకుంటుంటే, నేను బిడ్డ మెడ తిప్పి చూశాను. ఎడమపక్కన సన్నటి రంధ్రం, అంచున తడి. అది చూసి మా అత్త గోడదాకా వెనక్కి జరిగింది.

“దగ్గరికొచ్చి చూడు అత్తా,” అన్నాను. నాకూ భయంగానే ఉంది. ఆమె వచ్చి చూసింది.