సల్లారనియ్యి

కేసముద్రంలో ప్యాసింజర్ ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఎర్రగా, నీలంగా మెరుస్తున్న బొమ్మను తొంగిచూశాడు.

"గిదేంది బిడ్డా?"

"మంట లేకుండ గ్యాసు నుంచి కరెంటు తీసే పింగాణీ బిళ్ల, బాపు. చేసేముందు కంప్యూటర్ల నడిపి చూస్తున్న. ఎన్నిసార్లు నడిపినా పలుగుతున్నది."

మూడు వారాలుగా అదే గోస. ఈ పని నావల్ల కాదని మా ల్యాబు సార్‌కు మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాను.

"నేను ఇటుక బట్టీ కాలుస్త. వేడి ఎట్ల పెడుతున్నవ్?"

"మెల్లగనే. ఎనిమిది వందల డిగ్రీల దాకా."

"మరి సల్లార్చుడు?"

లెక్క తెరిచి చూసుకున్నాను. వేడెక్కడానికి గంటలు ఇచ్చిన నేను, చల్లారడానికి ఒక్క సెకను ఇచ్చాను.

"బట్టీ ఆరినంక వారం దాకా మేం ఇటుక ముట్టం. సల్లారనియ్యి," అన్నాడాయన.

కాజీపేటలో దిగిపోయాడు. జనగామ చేరేలోపు లెక్క మార్చి నడిపాను. బిళ్ల పగల్లేదు. మెయిల్ చెరిపేసి, ఎన్నో రోజుల తర్వాత కిటికీలోంచి పొలాలను చూశాను.

ఇప్పుడు మా ల్యాబులో కొలిమి ఆపగానే ఎవరైనా మూత మీద చెయ్యి వేస్తే, ఆయన మాటే నా నోటికొస్తుంది.