చివరింటామె పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు మా వటారంలో జరిగిన ఒక సంగతిని ఇన్నేళ్ల తర్వాత కాగితం మీద పెట్టడానికి కారణం, మొన్న ఒక పెళ్లిలో విన్న నవ్వులు. వటారం అంటే ఒకే ప్రహరీ లోపల వరుసగా కట్టిన అద్దె ఇళ్లు. బళేపేట వెనక సందులో ఉండిన మా వటారం ఇప్పుడు లేదు. ఆ ఆరు ఇళ్లవాళ్లలో చాలామందిమి మాత్రం పెళ్లిళ్లలో కలుసుకుని పాత కష్టాలు చెప్పుకుంటాం. మొన్న భోజనాల దగ్గర ఎవరో, "కరెంటు లేని ఆ మూడు దినాలు జ్ఞాపకం ఉండాయా? చివరింటామె బాలింత నీళ్లు కొట్టేసింది కదప్పా!" అన్నారు. పంక్తంతా నవ్వింది. ఆ నీళ్లు పోగొట్టింది ఆమె కాదు, నేను. ఆమె పేరు మీద ఆ నవ్వు ఇంకా సాగకూడదనే ఇది రాస్తున్నాను.

అవి తొంభైల మొదటి రోజులు. నాకు పన్నెండేళ్లు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. చీకటి గురించి ఎవరికీ పెద్ద బాధ లేదు. బాధంతా మోటారు గురించే. అది ఆడకపోతే నేల కింది సంపులో నీళ్లు మిద్దె మీది ట్యాంకుకు ఎక్కవు. కొళాయిలన్నీ ఎండిపోయాయి. సంపు మూత తీసి, బకెట్‌కు తాడు కట్టి చేదుకోవాల్సి వచ్చింది. రోజుకు ఇంటికి ఆరు బిందెలని పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. అలవాటు లేని చేదుడుతో మా అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

మా ఇంటి పైన మిద్దెలో ఉండేవాళ్ల కూతురు, మా అందరికీ అక్క, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు పది రోజులు కూడా నిండలేదు. మా వైపు బాలింత స్నానమంటే చిన్న పని కాదు. ఒళ్లంతా నూనె మర్దించి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు చెంబుల కొద్దీ నడుము మీద పోస్తారు. అందుకని ప్రతి ఇల్లూ తన వంతులోంచి రోజుకొక బిందె ఇచ్చింది. చివరింటామె కూడా ఇచ్చింది. ఆ నీళ్లన్నీ మెట్ల పైన నీలం డ్రమ్ములో పోసి మూత పెట్టేవారు. దాన్ని ఎవరూ ముట్టకూడదు.

నేనప్పటికే గ్రంథాలయానికి అతుక్కుపోయిన పిల్లను. బడిలో చెప్పనివి కూడా నాకు తెలుసని తల ఎగరేసుకుని తిరిగేదాన్ని. ఒక విజ్ఞాన పుస్తకంలో సైఫన్ బొమ్మ చూశాను. గొట్టం ఒక కొన పై పాత్రలో ముంచి, రెండో కొన కిందికి వదిలి, ఒకసారి నోటితో పీలిస్తే చాలు, నీళ్లు అంచు ఎక్కి దాటి వాటంతటవే దిగుతాయి. కరెంటు అక్కర్లేదు, చేదుడు అక్కర్లేదు. మా నాన్న పైపుల అంగట్లో పని చేసేవాడు కాబట్టి, గాజులా కనబడే సన్నటి గొట్టం చుట్ట ఒకటి ఇంట్లోనే ఉంది.

అమ్మ చేతుల కోసమే చేశానని చెప్పుకోవాలని ఉంది. అది సగమే నిజం. పుస్తకంలో చూసింది నా చేతుల్లో జరగాలన్న ఆశ మిగతా సగం. ఒక్క బిందె నింపి ఆపేద్దామనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మెట్లెక్కి డ్రమ్ములో గొట్టం ముంచాను. కిందికి దిగి పెరట్లో వాడిన నీళ్లు పోయే మోరి పక్కన బిందె పెట్టి పీల్చాను. నోట్లోకి నీళ్లు వచ్చాయి. కొన బిందెలోకి వదలగానే చిన్న శబ్దంతో ధార పడింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అప్పుడే వీధిలో కేక: "ట్యాంకరంట! ట్యాంకరు వస్తా ఉండాది!" అమ్మ ఇంట్లోంచి, "పాపా, రెండు బిందెలు ఎత్తుకోని ముందు పోయి వరసలో నిలబడు!" అని తరిమింది. ధారను ఎలా ఆపాలో తోచక అలాగే వదిలేసి పరుగెత్తాను. వటారమంతా పరుగెత్తింది. అరగంట నిలబడ్డాం. ట్యాంకర్ మా సందుకు రాకుండా ఇంకో వీధికి మళ్లింది. తిరిగొచ్చి చూస్తే బిందె నిండి పొర్లి, మిగిలిన నీళ్లన్నీ మోరిలోకి పోయాయి. డ్రమ్ము అడుగున చెంబెడు మిగిలింది. నిండిన బిందెను ఇంట్లో మా బిందెల మధ్య పెట్టేసి, గొట్టం చుట్టి మంచం కిందికి తోశాను.

కాసేపటికి మిద్దె మీది అత్త, అంటే బాలింత తల్లి, మెట్ల మీద నిలబడి గుండె బాదుకుంది. "అయ్యో, డ్రమ్మంతా ఖాళీ! నూనె రాసి కూర్చోబెట్టినానే, ఇప్పుడేం పోసేది?"

చివరింటామె అనంతపురం వైపు నుంచి భర్తతో వచ్చి కట్టడం కూలికి పోయే మనిషి. ఆ రోజు సిమెంటు కలపడానికి నీళ్లు లేక తొందరగా ఇంటికొచ్చింది. ట్యాంకర్ దగ్గరికి రాలేదు. పైగా ఆమె చీర తీగ మీద తడిగా ఆరుతోంది. అందరి కళ్లూ ఆ చీర మీద పడ్డాయి.

"ఏ నీళ్లతో ఉతికినావమ్మా?" అని ఒకామె అడిగింది.

"నిన్న పని కాడ తొట్టిలో మిగిలినవి డబ్బాలో తెచ్చుకున్న్యా అక్కా."

"ఓహో! ఊరంతా చెమట చీరల్తో ఉంటే మహారాణికి మాత్రం తొట్లు మిగిలిపోతాయంట."

ఆమె ఇంట్లోకి పోయి తన రెండు బిందెలూ, ఆ పూటకు ఉన్నవన్నీ, చంకనొకటి చేతనొకటి పట్టుకుని మెట్లెక్కి డ్రమ్ములో పోసింది. "దొంగతనం చేసిండేదాన్నయితే మళ్లా తెచ్చి పోస్తానా? పసిబిడ్డ తల్లి. పోయండి ముందు" అంది. దిగుతూ, గోడ మీద గొట్టం జారిన తడి గీత వైపు చూసింది. తర్వాత తడిసిన నా పరికిణీ అంచు వైపు చూసింది.

నా వెనక ఎవరో గుసగుసగా, "చూసినారా, భయపడి తెచ్చి పోసింది" అన్నారు. ఆ మాట పక్కామె అంది, దాని పక్కామె అంది, అదే నిజమైపోయింది. చెబితే గ్రంథాలయం మాన్పిస్తారన్నది నా భయం. ఒక మనిషి పరువు కంటే నాకు నా పుస్తకాలు ఎక్కువయ్యాయి.

మరునాడు పొద్దున ఆమె పనికి బయలుదేరుతుంటే పోయి, తప్పు చేశానని ఏడ్చాను.

"ఆ గొట్టం నాకు తెలీదా పాపా? మా మేస్త్రీ గోడ మట్టం చూసేది దానితోనే. కొన డ్రమ్ములో నీళ్ల మట్టానికి పైకెత్తింటే నీళ్లు నిలిచిపోయుండు. నీ పుస్తకంలో అది రాయలేదా?"

రాశారు, తర్వాతి పేజీలో. నేను బొమ్మ చూసి మూసేశాను.

"ఎవరికీ చెప్పొద్దు" అని బతిమాలాను.

"నేను చెప్పను. కానీ నాకు చెప్పి ఏం లాభం? నాకు నిన్ననే తెలుసు. తెలీనోళ్లకు చెప్పు, పో" అని తలగుడ్డ కట్టుకుని వెళ్లిపోయింది.

నేను చెప్పలేదు. ఆ తర్వాత ఆమె సంపు దగ్గరికి వస్తే ఎవరో ఒకరు కాపలాగా నిలబడేవాళ్లు. నెల తిరక్కుండానే ఆ ఇల్లు ఖాళీ చేశారు. మూటలు ఎత్తుకుని పోతూ గేటు దగ్గర నా వైపు ఒకసారి చూసింది. అందులో కోపం లేదు. ఇంకా టైముంది అన్నట్టు చూసింది. నేను తల దించుకున్నాను.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. తెలిసినవాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం మన మనసు తేలికపడటానికేనని, తెలియనివాళ్ల ముందు ఒప్పుకుంటేనే నింద మోస్తున్న మనిషికి మేలని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. ఆ మాట నాతోనే ఉంది. పాటించడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు పేరుపేరునా నమస్కారాలు. చదివి వినిపిస్తే మొత్తం విని, "అచ్చుకియ్యి" అన్న మా అమ్మ రత్నమ్మకు. మరిచిపోయినవి గుర్తు చేసిన మిద్దె మీది అక్క విమలకు. తప్పులు దిద్దిన మా తమ్ముడు గోపాలుకు. ఇంకొక పేరు రాయాలి. దాని కోసం వటారంలో ఉండినవాళ్లందరినీ అడిగాను. ఎవరికీ తెలియదు. ఆమె మా మధ్య ఏడాదికి పైగా ఉంది, మేమెవ్వరం ఒక్కసారి కూడా అడగలేదు.