శ్రుతి దిగిన పాట

వట్లూరులో విక్టోరియా టీచరు గారి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా "గిటార్లు మోగే మేడ" అని చూపిస్తారు. ఆ మోత ఆవిడది కాదు. మేడమీద గది అద్దెకు తీసుకుని హేమంత్‌కుమార్ అనే కుర్రాడు కాలేజీ పిల్లలకి గిటారు నేర్పుతుంటాడు. ఆవిడ వాయిద్యం హార్మోనియం. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పదకొండో ఏట మొదలుపెట్టి, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనకి వాయిస్తూనే ఉంది. తాడేపల్లిగూడెంలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా రిటైరయ్యాక, రైల్వేలో పనిచేసిన భర్త ప్రభుదాసుతో కలిసి ఇక్కడ ఇల్లు కట్టుకుంది.

ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. తండ్రి ఆ ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. వానాకాలం నీళ్ళు కమ్ముకున్నప్పుడు జనం దోనెల్లో చర్చికొచ్చేవారు. తడిసిన హార్మోనియాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని వాయించిన రోజులున్నాయి. ఆ చర్చిలో కనకమ్మ అనే ముసలావిడ ఉండేది. కళ్ళు మూసుకుని, ఎవరికోసమూ ఆగకుండా, గొంతు ఎక్కడ లేస్తే అక్కడ పాట అందుకునేది. అది ఏ వారం ఏ శ్రుతిలో ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి. పిల్ల విక్టోరియా మెట్లమీద వేళ్ళు పరిగెత్తించి వెతుక్కునేసరికి ఒక చరణం అయిపోయేది. ఏడుపొచ్చేది. "ఆవిణ్ణి సరిగ్గా పాడమని చెప్పండి నాన్నా" అంటే, తండ్రి నవ్వి, "పాడేవాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలమ్మా. వాళ్ళని మన దగ్గరికి రమ్మనకూడదు" అన్నాడట. ఆ మాట పట్టుకునే ఆవిడ జీవితమంతా వాయించింది. ఎవరు లేచి గొంతు సవరించుకున్నా, రెండో మాట నోట్లోంచి రాకముందే ఆవిడ వేళ్ళు ఆ మనిషి శ్రుతిలో ఉండేవి. చర్చిలో ఎవరికీ అదొక విద్య అని తెలీదు. అసలు తెలియకపోవడమే దాని గొప్ప.

మొన్న జనవరిలో విశాఖ సముద్రపొడ్డున మూడు రోజులు సంగీతోత్సవం జరిగింది. ఆఖరిరోజు ఆఖరి కచేరీ 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండుది. ఆ స్థానం పెద్ద పేరున్నవాళ్ళకే దక్కుతుంది. పదిహేనేళ్ళుగా తెలుగు పిల్లల చెవుల్లో మోగుతున్న బ్యాండు అది. పాడేది అబ్బాయిరాజు. కిందిస్వరాలు మోగించే బేస్ గిటారు శ్యామ్ సుందర్‌ది. వాళ్ళ పాటల్లో 'మూడో కెరటం' అనేది రానివాడు కాలేజీల్లో ఉండడు. హేమంత్, మందుల షాపులో పనిచేసే శ్రావ్య, కైకలూరు వైపు చేపల మేత కంపెనీలో ఉద్యోగం చేసే వెంకటసాయి ముగ్గురూ పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఒక్క మాటమీద ఉన్నవాళ్ళు, వచ్చేటప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం మేడమీద కరెంటు వైరు కాలిపోతే, ముగ్గురూ కిందకొచ్చి హాల్లో కూర్చుని మళ్ళీ అదే గొడవ మొదలెట్టారు. విక్టోరియా టీచరు ఓ పక్కన చేటలో వెల్లుల్లి పాయలు ఒలుచుకుంటోంది.

"నేను పదేళ్ళు ఎదురుచూశానండీ ఆ పాట కోసం" అంది శ్రావ్య. "మొదటి చరణం పాడి, మైకు మా మీదకి తిప్పేశాడు. ఆ తరవాత వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మాకు వీపు చూపించాడండీ! అంత పొగరా?"

"పొగరు కాదు, జనం పాడాలని" అన్నాడు వెంకటసాయి. "నలభై వేలమంది పాడారు. నా ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తోంది. ఎక్కడ దొరుకుతుంది నీకలాంటిది?"

"మనం పాడుకోడానికైతే ఇంట్లోనే పాడుకుందుం కదా?"

హేమంత్ బాధ ఇంకొకటి. "అసలు లీడ్ గిటారాయన వాయించలేదు తెలుసా? తీగల మీంచి చెయ్యి తీసేసి బొమ్మలా నిలబడ్డాడు. ఆల్బంలో అక్కడ ఎంత గొప్ప సోలో ఉంది! దాని బదులు ఆ బేసాయన ఒకటే స్వరం డుం, డుం అని కొడుతూ కూర్చున్నాడు. ప్రాక్టీసు లేదు. తాగొచ్చుంటారు."

"నోరు కడుక్కో" అన్నాడు వెంకటసాయి.

ఫ్యాన్ల గ్రూపుల్లో కూడా వారం నుంచీ ఇదే యుద్ధమట. సగంమంది ఇంత గొప్ప కచేరీ పుట్టి బుద్ధెరిగి చూడలేదంటారు. సగంమంది మోసమంటారు. కావలిస్తే చూడమని శ్రావ్య ఫోన్లో వీడియో పెట్టింది.

విక్టోరియా టీచరుకి ఆ సంగీతం మీద పెద్ద ఇష్టం లేదు. మేడమీద నుంచి వినిపిస్తే కిటికీ రెక్క వేసుకునే మనిషి. అయినా చెవులకి రెప్పలుండవు కదా. పాట వెళ్ళిపోతోంది, ఆవిడ వేళ్ళు వెల్లుల్లి రెబ్బ మీద తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ఆ వేళ్ళు ఆగిపోయాయి.

"అమ్మాయ్, అది మళ్ళీ పెట్టవా" అంది.

"ఏదండీ?"

"ఆ అబ్బాయి మైకు తిప్పేస్తాడన్నావే, దానికి కాస్త ముందు నుంచి."

శ్రావ్య పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిపోగానే, ఇంకోసారి అంది. మూడోసారి వినేటప్పుడు చేట పక్కన పెట్టి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, లేచి వెళ్ళి హార్మోనియం మీది గుడ్డ తీసింది. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"హేమంతూ, ఈ పాట ఏ శ్రుతి నాన్నా?"

"డి అండీ."

"మొదలెట్టింది డి లోనే. ఇదిగో." ఆవిడ మెట్టు నొక్కింది. ఫోన్లో పాటా, హార్మోనియమూ కలిసిపోయాయి. "ఇప్పుడు ఆఖరి చరణం పెట్టు."

పెట్టారు. ఆవిడ అదే మెట్టు నొక్కింది. కర్ణకఠోరంగా ఉంది. హేమంత్ మొహం చిట్లించాడు. ఆవిడ వేలు కిందికి జరిపి సి నొక్కింది. పాట మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టు కలిసింది.



"పూర్తిగా ఒక శ్రుతి దిగిపోయారు" అంది ఆవిడ. "పాట మధ్యలో. ఆపకుండా."

"అది కుదరదండీ" అన్నాడు హేమంత్. "ముందే అనుకుని ప్రాక్టీసు చేసుంటే తప్ప."

"అనుకోలేదు. ముందు అతని గొంతు విను. పైస్థాయికి వెళ్ళేచోట చివర్లో పీచులా విడిపోయింది, వినపడిందా? ఆ అబ్బాయికి ఒంట్లో బాగాలేదు. ఇంకోసారి అక్కడికి వెళితే గొంతు రాదని అతనికి తెలిసిపోయింది. అందుకే మైకు మీకిచ్చాడు. మీరందరూ పాడుతున్నారు. ఇప్పుడు చూడు, మీ గిటారాయన చెయ్యి తీసేశాడు. ఎందుకు తీశాడు? వాయిస్తే పాత శ్రుతి చెవిలో ఉండిపోతుంది. అది మీరు మర్చిపోవాలి."

హేమంత్ నేలమీద ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు.

"ఈ బేసాయన కొట్టింది ఏ స్వరం?"

హేమంత్ విన్నాడు. "జి."

"జి అనేది డి వాళ్ళింట్లోనూ ఉంది, సి వాళ్ళింట్లోనూ ఉంది. రెండిళ్ళకీ చుట్టం. ఆయన వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. అటూ తొందరపెట్టలేదు, ఇటూ లాగలేదు. మీరు పాడుతూ పాడుతూ మీకు తెలియకుండానే ఆయన దగ్గరికి వచ్చేశారు." ఆవిడ జి మీద వేలుంచి, మెల్లిగా కిందికి జరిగి సి మీద దిగింది. "ఇదిగో, ఇక్కడ చెయ్యి పట్టుకుని మెట్టు దింపాడు. పాడే అబ్బాయి వెనక్కి తిరిగింది మీకు వీపు చూపించడానికి కాదు శ్రావ్యా. ఆయన వేళ్ళు ఎక్కడున్నాయో చూడ్డానికి."

శ్రావ్య వీడియో ఆపి, వెనక్కి జరిపి, దగ్గరగా పెట్టి చూసింది. అబ్బాయిరాజు తల వంచి బేస్ గిటారు వైపే చూస్తున్నాడు. శ్యామ్ సుందర్ కళ్ళెత్తి అతణ్ణి చూసి, రవ్వంత తల ఊపాడు. ఆ ఊపుతోనే అబ్బాయిరాజు చరణం అందుకున్నాడు. ఈసారి గొంతు నిండుగా, పగుళ్ళు లేకుండా వచ్చింది. రెండు లైన్ల తరవాత గిటారు వచ్చి కొత్త శ్రుతిలో చేరింది. ఆ తరవాత పల్లవిని నలభై వేలమంది ఎత్తుకున్నారు. అందరూ సి లో.

"మేమందరం..." అంది శ్రావ్య.

"మీరందరూ కూడా దిగారమ్మా. ఒక్కళ్ళకీ తెలియలేదు."

శ్రావ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వారం రోజులుగా ఆ మనిషిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి కాబోలు. వెంకటసాయి తనే నెగ్గినట్టు ఏదో అనబోయి, మానేశాడు. అతనికీ తెలియలేదు కదా, తను దేన్ని చూసి పొంగిపోయాడో.

విక్టోరియా టీచరు మాత్రం వాళ్ళ వైపు చూడటం లేదు. ఆవిడ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చిన్న చర్చిలో, ఎనభైమంది ముందు, ఒక గొంతుని వెతుక్కుంటూ వెళ్ళడమే ఆవిడకి తెలిసిన పని. అదే పని సముద్రమంత జనం ముందు, నలుగురు మనుషులు, ఒక్క మాట అనుకోకుండా చేశారు. ఆ నల్లచొక్కాల వాళ్ళు, ఆ జులపాలవాళ్ళు. ఇన్నాళ్ళూ కిటికీ వేసుకుని తను ఎవరిని బయట ఉంచిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"మరి వాళ్ళు ఈ సంగతి ఎక్కడా చెప్పలేదేంటండీ?" అన్నాడు హేమంత్. "ఇన్ని తిట్లు తింటున్నారు. ఒక్క మాట చెబితే అయిపోయేది కదా."

"చెబితే ఆ అబ్బాయి గొంతు పోయిందని చాటింపు వేసినట్టే కదా నాన్నా. తోటివాడి పరువు తీసి తమ పరువు నిలబెట్టుకుంటారా?"

లోపల్నుంచి ప్రభుదాసు నాలుగు గ్లాసుల టీ పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు. ఆయనకి చెవి కాస్త మందం. "ఏమైంది, ఎవరైనా పోయారా?" అన్నాడు అందరి మొహాలూ చూసి. 

హేమంత్ ఆ రాత్రే అంతా రాసి ఫ్యాన్ల గ్రూపులో పెడతానన్నాడు. ఆవిడ వద్దంది. వాళ్ళు దాచుకున్నది మనం విప్పకూడదంది. కుర్రాడు నాలుగు రోజులు ఉగ్గబట్టుకున్నాడు. కానీ శ్యామ్ సుందర్‌ని ఎవరో చేతకానివాడని రాస్తే ఇంక ఆగలేక, గొంతు సంగతి ఎత్తకుండా, శ్రుతి మారిందనీ, అది కనిపెట్టింది టీచరు గారనీ, అంత వరకే రాశాడు. సగంమంది నమ్మలేదు. చర్చిలో పెట్టె వాయించే ఆవిడకి రాక్ ఏం తెలుసని ఒకడన్నాడు. కొందరు తమ కీబోర్డుల దగ్గర కూర్చుని సరిచూసుకుని, నిజమేనని ఒప్పుకున్నారు. బ్యాండు వాళ్ళు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఏప్రిల్లో ఉప్పుగాలి విజయవాడ వచ్చింది. ముగ్గురూ కలిసి టీచరు గారికీ టిక్కెట్టు తీశారు. "ఆ మోతలో నేనేం కూర్చుంటానర్రా" అంటూనే ఆవిడ జరీ అంచు తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. సాయంత్రం ఐదున్నరకి మైదానంలో చోటు వెతుక్కున్నారు. వెంకటసాయి ఎవర్నో బతిమాలి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. చుట్టూ పిల్లలు ఆవిణ్ణి వింతగా చూశారు. మొదటి పాటకే బేస్ మోత కుర్చీ కాళ్ళలోంచి పాకి ఆవిడ వెన్నులోకి ఎక్కింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. భయంతో కాదు.

ఏడో పాట 'మూడో కెరటం'. వేదిక మీద దీపాలన్నీ ఆర్పేసి ఒక్క గిటారు మోగించారు. మొదటి తీగ కదలగానే ఆవిడ గబుక్కున లేచి నిలబడింది.

"ఏమైందండీ?" శ్రావ్య భుజం పట్టుకుంది.

"సి లో మొదలెట్టారే" అంది ఆవిడ. ఆ హోరులో శ్రావ్యకి వినపడక, చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టింది. "మొదటి నుంచీ సి లోనే! ఆ గొంతు ఇంక పైకి వెళ్ళదు కాబోలు. అందుకని పాటనే తీసుకొచ్చి అతని దగ్గర పెట్టేశారు."

అబ్బాయిరాజు పాడాడు. ఈసారి మైకు జనం వైపు తిప్పలేదు. వెనక్కి తిరగలేదు. పల్లవి, మూడు చరణాలూ తనే పాడాడు. కుదుటగా, ఇంట్లో కూర్చుని పాడుకుంటున్నట్టు పాడాడు. విక్టోరియా టీచరు అతణ్ణి చూడలేదు. ఓ పక్కగా, వెలుతురు అంతంతమాత్రంగా పడేచోట నిలబడ్డ శ్యామ్ సుందర్ ఎడమచేతి వేళ్ళనే చూసింది. పాట పొడుగునా ఆ వేళ్ళు పాడేవాడికి రవ్వంత ముందుండి, దారి చూసి, పక్కకి తప్పుకుంటూనే ఉన్నాయి. ఆవిడ చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

తిరుగు రైల్లో, దిగే స్టేషను పవర్‌పేట దాకా మళ్ళీ వాదనే. ఆల్బంలో ఉన్నట్టు డి లో పాడితేనే ఆ పాటకి అందమని హేమంత్, కాదు ఈ కిందిశ్రుతిలోనే బరువుందని శ్రావ్య. వెంకటసాయి ఈసారి ఎటూ చెప్పలేక నలిగిపోయాడు. "మీరు చెప్పండి టీచరు గారూ" అన్నారు ముగ్గురూ.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. కుడిచెయ్యి ఎడమచేతి మీద ఏవో మెట్లు వెతుకుతోంది.

"హేమంతూ" అంది. "ఆ బేస్ గిటారు ఈ వయసులో నాకు వస్తుందంటావా?"

హేమంత్ ఆవిడ వేళ్ళ వైపు చూసి, "వేళ్ళు కాస్త నొప్పెడతాయండీ" అన్నాడు.

"నొప్పెట్టనీ" అంది ఆవిడ. "ఎల్లుండి మంగళవారం. పొద్దున్న పదింటికి పైకొస్తాను."