తెలియని నంబరు నుంచి వచ్చింది

ఈ సంగతి నన్ను పట్టుకుని చాలా ఏళ్ళయింది. ప్రార్థనకి కూర్చుంటే వస్తుంది. అన్నం ముందు కూర్చుంటే వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత ఎందుకు?

నన్ను నమ్మి చెప్పిన మాటని నేను నలుగురిలో పెట్టాను. ఆ పని చేసింది నేను కాదని ఆ మనిషి మొహం మీదే అబద్ధం ఆడాను. ఆ అబద్ధం ఆమె ఆరోగ్యాన్ని తినేసింది. విషయం ఇంతే. ఇంతే అని రాశాను గానీ, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్ని కాగితాలు చించానో నాకే తెలుసు.

ఆమెను కరుణ అందాం. అసలు పేరు రాయను. పేరు రాయకపోతే చాలనుకోవడం ఎంత వెర్రితనమో నాకు తెలిసొచ్చింది కనక మా ఊరి పేరు కూడా రాయను. పలాస నుంచి మందస వెళ్ళే బస్సు ఆగే ఊళ్ళలో ఒకటి, అంతే.

కరుణ నాకంటే చిన్నది. మా చర్చి సంఘమే, మా వీధే. పలాసలోనే, కాశీబుగ్గ వైపు ఒక నెట్ సెంటర్లో పని చేసేది. నాది జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని. పొద్దున్నే ఇద్దరిదీ ఒకే బస్సు. రోజంతా ఊరివాళ్ళ ఆధార్లు, పాస్‌వర్డులు, బ్యాంకు మెసేజ్‌లు కళ్ళతో చూసే పిల్ల కదా, ఫోన్ విషయంలో ఆమెకున్న జాగ్రత్త నేనింకెవరిలోనూ చూడలేదు. బట్టల కొట్లో బిల్లుకి నంబరు అడిగితే ఇచ్చేది కాదు. తప్పనిసరైన చోట ఇవ్వడానికి వేరే సిమ్ము ఒకటి ఉంచుకుంది. ఏ యాప్ అయినా కాంటాక్టులు కావాలి, నువ్వెక్కడున్నావో కావాలి అంటే వద్దని నొక్కేది. నా ఫోన్ కూడా లాక్కుని అన్నీ సరిచేసి పెట్టింది.

"కంపెనీ మంచిదా సెడ్డదా అని ఆలోసించకక్కా. మంచిదే అనుకో. రేపు ఇంకొకడికి అమ్మీసుకుంటే? మనం ఇవ్వకపోతే ఆళ్ళ దగ్గర ఉండదు. ఉండకపోతే పోదు" అనేది.

నేను నవ్వేదాన్ని. మన బతుకుల్లో దాచుకోడానికి ఏముందే, ఆ జీడి మరకలు తప్ప, అనేదాన్ని.

ఉంది. నాకప్పటికి తెలియదు.

కరుణ వాళ్ళ నాన్న డయాలసిస్ మీద ఉండి ఉండి పోయాడు. తర్వాత అన్న కూడా అదే దారిన పోయాడు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంట్లో మిగిలింది కరుణ, వాళ్ళమ్మ సారమ్మ. ఒకరోజు సాయంత్రం బస్సులో కరుణ నా చెవి దగ్గరికి వంగి, తనకీ మొదలైందని చెప్పింది. పలాసలో ఎటు చూసినా తెలిసిన మొహాలేనని టెక్కలి వెళ్ళి పరీక్షకి రక్తం ఇచ్చిందట. ల్యాబ్ వాళ్ళు యాప్ పెట్టుకోమంటే వద్దంది. నంబరు అడిగితే రెండో సిమ్ముది ఇచ్చింది. రిపోర్టు కాగితం మీదే తీసుకుంది. ఇంకా మొదట్లోనే ఉంది, మందులు వేసుకుంటూ మూడు నెలలకోసారి రక్తం చూపించుకుంటే చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు అన్నాడట డాక్టరు. అమ్మకి మాత్రం తెలియకూడదు. మొగుణ్ణీ కొడుకునీ మట్టిలో పెట్టిన మనిషి, ఈ మాట వింటే తట్టుకోలేదు. కరుణ అడిగింది అదొక్కటే. అడిగి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. దాన్ని మాత్రం అనుమానించకండి.

నీ నోట్లో నువ్వుగింజ నానదే అని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. అమ్మ మాట అబద్ధం చెయ్యాలని చాలా గట్టిగా అనుకున్నాను. శనివారం దాకా అనుకున్నాను.

మా సంఘంలో స్త్రీల సమాజానికి ఫోన్లో ఒక ప్రార్థన గ్రూపు ఉంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా నాకు విడిగా మెసేజ్ పెడతారు. శనివారం నేను అన్నీ కలిపి, ప్రార్థన అవసరతలు అని గ్రూపులో పెడతాను. ఏది ఎవరు పంపారో చెప్పను. అది మా పద్ధతి. ఆ శనివారం ఒక ముసలామె మోకాళ్ళ నొప్పి, ఒకరి అబ్బాయి పరీక్షలు వచ్చాయి. వాటి కింద నేనే ఇంకొకటి చేర్చాను. తండ్రినీ అన్ననీ కిడ్నీ జబ్బుకి పోగొట్టుకుని, ఇప్పుడు తాను కూడా అదే జబ్బు బారిన పడిన, పలాసలో పని చేసుకుంటున్న ఒక చెల్లి కోసం కన్నీటితో ప్రార్థించండి, అని.

పేరు రాయలేదు కదా అనుకున్నాను.

ఎందుకు చేశాను? ఎక్కువమంది మోకరిస్తే ఎక్కువ మేలని నమ్మాను. అది నిజం. కానీ అదొక్కటేనా? మోకాళ్ళ నొప్పీ పరీక్షలూ చూసి ఈ వారం మరీ చప్పగా ఉందని నాకు అనిపించలేదా? నా మెసేజ్ చదివి అందరూ అయ్యో అయ్యో అనాలనీ, వాళ్ళెవరికీ తెలియని బాధ నాకొక్కదానికే తెలుసని వాళ్ళకి తెలియాలనీ, లోపల ఏ మూలో లేదా? ఉంది. ఇన్నేళ్ళు నన్ను నేను తవ్వుకుంటే అడుగున అదే తగిలింది.

ఒక ఊళ్ళో తండ్రీ అన్నా అలా పోయి, పలాసలో పని చేసుకునే ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు? మా ఊళ్ళో ఒక్కతే. పేరు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు ఆడవాళ్ళు బైబిళ్ళు పట్టుకుని తిన్నగా సారమ్మ ఇంటికెళ్ళారు. పాట పాడారు. ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఎందుకేడుస్తున్నారో ఆమెకి మొదట తెలియలేదట. తెలిశాక పొయ్యి దగ్గరే కూలబడిపోయిందట. కరుణ వచ్చి, అదంతా ఎవరో పుట్టించిన మాట, నాకే జబ్బూ లేదు అని బైబిలు మీద చెయ్యి పెట్టి తల్లిని నమ్మించింది. ఎప్పుడూ అబద్ధమాడని పిల్ల.

ఆ సాయంత్రమే మా పెరట్లోకి వచ్చింది.

"నీకెవరు పంపినారక్కా అది?"

"ఎవరో మరి. తెలీని నంబరు నుంచి వొచ్చింది."

"ఏదీ, సూపించు."

"తీసీసినాను. నువ్వే కదేటి సెప్పినావు, తెలీనోళ్ళ మెసేజ్‌లు ఉంచకూడదని." ఈ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వెంటనే ఇంకోటి కూడా అన్నాను. "పేరు నేదు కదా, ప్రార్థనే కదా అని ఆలోసించకుండా గ్రూపులో ఎట్టీసినాను. నాది తప్పయిపోయింది సెల్లీ."

చూశారా? చిన్న తప్పు ఒప్పేసుకుని పెద్దది దాని వెనక దాచేశాను.

"నీ తప్పేటుంది? పంపినోడిది తప్పు" అంది కరుణ. "అయితే ల్యాబ్‌లోంచే వొచ్చుంటాది. మనూరోడెవడో ఉండుంటాడు అక్కడ. నీకు గాక ఇంకెవరికి తెలుసు మరి?" అంది.

ఆ 'నీకు గాక' దగ్గర ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. అంత నమ్మకం. నేను ఆగితే సరిపోయేది. ఆగలేదు.

"అయ్యుంటాది. కంపెనీలోళ్ళని నమ్మకూడదని నువ్వే అంటావు కదా" అన్నాను.

అప్పటినుంచి కరుణ రక్తం ఇవ్వడం మానేసింది. మూడు నెలలు అయ్యాయి, వెళ్ళలేదు. ఇంకో మూడు నెలలు అయ్యాయి, వెళ్ళలేదు. ఇంకో ల్యాబ్‌కి పోదాం, శ్రీకాకుళం పోదాం, నేను తోడొస్తాను అని బతిమాలాను. ఎక్కడైనా మనుషులే కదక్కా, వేరే నంబరిచ్చినా కాగితమే తీసుకున్నా బయటికొచ్చేసింది, ఈసారి అమ్మకి తెలిస్తే ఏ బైబిలు మీద చెయ్యి పెట్టి కాదనాలి, అనేది. పరీక్ష లేకపోతే మందు మార్చేవాళ్ళు లేరు. పాత చీటీ మీదే కొన్నాళ్ళు కొనుక్కుంది. తర్వాత ఒళ్ళు బాగానే ఉందని అవీ తగ్గించేసింది. ఆమె జాగ్రత్తలో ఏ లోపమూ లేదు. ఆ ల్యాబ్ నుంచి ఒక్క మాట బయటికి రాలేదు. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. బస్సులో పక్కనే కూర్చుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆ జబ్బుని పెరగనిచ్చాను.

నేనే పెట్టాను అని ఒక్క మాట అంటే చాలు. తిట్టేది. కొట్టినా కొట్టేది. నాతో మాట్లాడడం మానేసేది. కానీ మర్నాడు టెక్కలి బస్సెక్కేది. ఆ సంగతి నాకు తెలిసే ఊరుకున్నాను. తెలియక కాదు. ఆమె ప్రాణం ఒకవైపు, ఆమె దగ్గర నా పరువు ఒకవైపు పెట్టి, నేను పరువే చూసుకున్నాను. దీనికి వేరే పేరేముంది?

కాళ్ళు వాచాక, మొహం ఉబ్బాక, సారమ్మే ఆమెను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఇప్పుడు పలాసలో డయాలసిస్. జబ్బు ఎలాగూ ముదిరేదేమో, మందులు వాడినా ఇంతేనేమో అని నన్ను నేను ఊరడించుకుంటాను. కావచ్చు. కాకపోవచ్చు. ఆ 'కాకపోవచ్చు'ని ఏ డాక్టరునీ అడిగే ధైర్యం నాకు లేదు.

పోయిన వారం సారమ్మకి ఒంట్లో బాగోక నేను తోడు వెళ్ళాను. కరుణ మంచం మీద పడుకుని ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"లాకు నంబరు సెప్తాను, గుర్తెట్టుకో. అమ్మకి కూడా సెప్పనేదు. నాకేటైనా అయితే ఇందులో ఉన్నవన్నీ తీసీ. నువ్వయితేనే బయటికి పోనివ్వవు."

నంబరు చెప్పింది. సరే అన్నాను. ఇప్పుడైనా చెప్పెయ్ అని లోపల ఎవరో గట్టిగా అన్నారు. నోరు తెరిచాను కూడా. నీళ్ళేమైనా కావాలా అని అడిగాను. డయాలసిస్ మంచం మీద, గుక్కలు లెక్కపెట్టుకుని తాగాల్సిన మనిషిని, నీళ్ళు కావాలా అని! కరుణ నవ్వింది.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. అది తెలియని నంబరు నుంచి రాలేదు. ఎవరూ పంపలేదు. ల్యాబ్ వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు. నేనే చేశాను. ఇన్నేళ్ళలో ఈ మాట నా చేత్తో నేను రాయడం ఇదే మొదలు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆమెకి చెప్పకుండా నాకు ఊపిరి ఆడడం న్యాయమా? కాదు. అయినా ఆడుతోంది.