గాలిమర దగ్గర మినుములు

హనుమత్ప్రసాద్ పొడులు నూరే మనిషి. డబ్లిన్‌కి పడమర, బ్లాంచర్డ్స్‌టౌన్ దగ్గర మాత్రలు చేసే ఫ్యాక్టరీలో మిల్లింగ్ గది అతనిది. ముడి మందు గడ్డలుగా వస్తుంది. పిండిలా బయటికి వెళ్తుంది. ఒక మందు అయ్యాక ఇంకోటి మొదలుపెట్టే ముందు యంత్రమంతా విప్పి కడగాలి. ఒకదాని ధూళి మరొకదాంట్లో పడకూడదు. అతను ఎప్పుడూ పడనివ్వలేదు. ఫ్యాక్టరీలో అతని గురించి చెప్పుకునేది అంతే. ఇంట్లో చెప్పుకునే మనిషి, భార్య మృదుల, మూడేళ్ల క్రితం పోయింది. కూతురు ఐశ్వర్య ఇక్కడే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

ఐశ్వర్య పెళ్లి వచ్చే నెల, పోర్ట్‌లీష్ దగ్గర ఒక హోటల్లో. హాలు, భోజనాలు, పూలు, అన్నీ ఆమే చూసుకుంది. తండ్రిని ఏదీ అడగలేదు. అడిగినా అతనికి తెలియదు. తెలిసిన మనిషి మృదుల.

అప్పుడు దేశానికి ఆ చివరున్న కాజిల్‌బార్ నుంచి వదిన ఫోన్ చేసింది. పుష్పవతి మృదులకి అక్క, అక్కడి ఆసుపత్రిలో నర్సు.

"పెళ్లిపనులు ఎప్పుడు మొదలుపెడుతున్నావు ప్రసాద్?"

"అన్నీ అయిపోయాయి వదినా. డీజేని కూడా మాట్లాడేశారు."

"డీజే కాదయ్యా. తిరగలిలో మినుములు విసరాలి. దాంతోనే పెళ్లిపనులు మొదలు. శనివారం ఒక్కటే మంచిరోజు, నాకేమో డ్యూటీ. వర్జ్యం వచ్చేలోపు కానియ్యి."

"మిక్సీలో వేసేదా?"

"మిక్సీలో వేస్తే ఇడ్లీ అవుతుంది, పెళ్లి అవదు. రాయి మీద రాయి తిరగాలి. ముత్తయిదువ విసరాలి. పెళ్లికూతురు చెయ్యి పెట్టకూడదు."

ఫోన్ పెట్టేశాక అతనిలో ఒక కోరిక నిలబడింది. ఈ పెళ్లిలో ఒక్కటైనా మృదుల ఉంటే ఎలా జరిగేదో అలా జరగాలి. అది తన చేతుల మీదుగా జరగాలి.

తిరగలి ఎవరి దగ్గరుందని తెలుగువాళ్ల గ్రూపులో అడిగాడు. "తిరగలి లేదు అంకుల్, ఎయిర్ ఫ్రయర్ ఉంది" అని ఒకమ్మాయి రాసింది. మిగతావాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. తర్వాత అతనికి గాలిమర గుర్తొచ్చింది. డబ్లిన్‌కి ఉత్తరాన, సముద్రం పక్క పల్లెలో, పాతది, ఇప్పటికీ గోధుమలు ఆడుతుంది. రాయి మీద రాయి. గాలి తిప్పుతుంది. పిండి ఆడటం అతని పనే. అందుకని రాయి గురించే ఆలోచించాడు.

శనివారం ఐశ్వర్య కారు నడిపింది. అతని ఒళ్లో మినుముల డబ్బా, పసుపు, తోరం.

"నాన్నా, దిస్ ఈజ్ మ్యాడ్" అంది.

"అవును" అన్నాడు.

మట్టిదిబ్బ మీద తెల్లటి గుండ్రటి బురుజు. నాలుగు రెక్కలు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు కడుపులో వినిపించింది. పైకి చూస్తూ నిలబడ్డాడు. రెక్కలు తిరుగుతున్నాయో, మబ్బులు కదులుతున్నాయో కాసేపు తేలలేదు.

లోపల మర ఆడించేది నోరీన్ అనే ఆవిడ. అరవై దాటి ఉంటుంది. కనుబొమల మీద పిండి. అతను డబ్బా చూపించి, ఈ గుప్పెడు మీ రాళ్ల మధ్య పోస్తారా అని అడిగాడు. ఎందుకో చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"కుదరదు నాయనా. ఈ పిండి అమ్ముతాం. పప్పు పడని వాళ్లుంటారు. ఒక గింజ కలిసినా రాళ్లెత్తి శుభ్రం చేయాలి."

అతని ముఖం వేడెక్కింది. ఇదే మాట ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకి తనే చెబుతాడు. ఇంకొకరు తన గది తలుపు దగ్గర గుప్పెడు గింజలతో నిలబడి ఉంటే లోపలికి రానిచ్చేవాడు కాదు. ఈ సంగతి దారిలో తనకెందుకు తట్టలేదు? బతిమాలాలో వెనక్కి తిరగాలో తెలియక అక్కడే ఉండిపోయాడు.

నోరీన్ బల్ల కిందినుంచి ఏదో ఈడ్చింది. బడిపిల్లలకు చూపించే చేతిరాయి. కింద ఒక రాయి, పైన ఒక రాయి, మధ్యలో రంధ్రం, అంచున కర్రపిడి. తిరగలే.

"ఇదైతే గ్రాండ్. తిప్పుకోండి."

ఐశ్వర్య పిడి పట్టుకోబోయింది.

"నువ్వు కాదు. పెద్దమ్మ వద్దంది."

"దెన్ యూ డూ ఇట్."

తను తిప్పవచ్చా? మగవాళ్లు విసరగా ఎప్పుడూ చూడలేదు. కూడదని ఎవరూ చెప్పనూ లేదు. గాలే తిప్పితే ఈ ఇబ్బంది ఉండేది కాదు. చేతిరాయికి చెయ్యి కావాలి. ముత్తయిదువ చెయ్యి. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వీధికి ఇద్దరున్నారు. ఒక్కరినీ వెంట తెచ్చుకోలేదు. వర్జ్యం దగ్గరపడుతోంది.

అతను నోరీన్ వైపు తిరిగాడు.

"మేడమ్, మీ భర్త బతికే ఉన్నారా?"

ఐశ్వర్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నోరీన్ ఒక్క క్షణం చూసి, "ఏ భర్త?" అంది.

అతను చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టాడు.

"మొదటాయన పోయాడు, పాపం, మంచివాడు. రెండో ఆయన ఇంట్లో మ్యాచ్ చూస్తూ రిఫరీని తిడుతుంటాడు. నీకెవరు కావాలి?"

హనుమత్ప్రసాద్ బయటికి నడిచాడు. వదినకి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. ఈ లెక్క ఎలా తేల్చాలి? పోయిన భర్తని బట్టా, ఉన్న భర్తని బట్టా? మృదుల ఏమనేదో ఊహించబోయాడు. మృదుల ముఖం వచ్చింది, మాట రాలేదు. పక్కనే రెక్కల నీడలు గడ్డి మీద ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. గాలి చల్లగా ఉంది. ఆవిడ మొదటాయనని మంచివాడంది. రెండో ఆయన గురించి చెప్తూ నవ్వింది. అతనికి తెలిసింది అంతవరకే.

లోపలికి వచ్చి, "మీరే తిప్పండి" అన్నాడు.

రాయికి పసుపు రాయవచ్చా అని అడిగి రాశాడు. ఐశ్వర్య పిడికి తోరం కట్టింది. ముడి పడలేదు, నోరీన్ సాయం పట్టింది.

"ఏ వైపు తిప్పాలి?"

అదీ తెలియదు. "మీకు ఎటు అలవాటైతే అటు."

ఆవిడ తిప్పింది. అతను రంధ్రంలో మినుములు పోశాడు. మొదట కొన్ని గింజలు పక్కకు దూకాయి. తర్వాత అంచు చుట్టూ నల్లటి పొట్టు, తెల్లటి బద్దలు రాలాయి. ఐశ్వర్య వంగి చూసింది.

"ఈజ్ దట్ ఇట్, నాన్నా? ఇంతేనా?"

"ఇంతే అనుకుంటా."

ఫోన్ మోగింది. పుష్పవతి.

"అయిందా?"

"అయింది వదినా."

"ఎవరు విసిరారు?"

"నోరీన్ గారని, ఒక పెద్దావిడ."

"ముత్తయిదువేనా?"

అతను నోరీన్ వైపు చూశాడు. ఆవిడ వంగి, కిందపడిన గింజల్ని ఒక్కొక్కటీ ఏరుతోంది. గోధుమల్లో కలవకుండా.

"ఆయన ఇంట్లో మ్యాచ్ చూస్తున్నాడట" అన్నాడు.

"అయితే సరే" అంది పుష్పవతి. "బొట్టుపెట్టి తాంబూలం ఇచ్చి పంపించు."

తాంబూలం తేలేదు. ఐశ్వర్యని అడిగాడు. ఆమె కారులో వెతికి ఒక అరటిపండు తెచ్చింది.